ధోలక్‌పూర్ జనం చేతులు కట్టుకుని ఎందుకు నిలబడతారు?

"పిల్లల యానిమేషన్ సినిమాల్లో ఎప్పుడు చూసినా ఒక్క వీరుడే వచ్చి అందరినీ కాపాడతాడు. అవి చూసి చూసి మా పాప, ఏ కష్టమొచ్చినా ఎవరో ఒకరు వచ్చి చక్కబెడతారని అనుకుంటోంది. మాన్పించాలా?" అని మీరు అడిగారు. మాన్పించకండి. వీరుడి వల్ల పిల్లలకు పోయేదేమీ లేదు. నా గొడవంతా ఆ వీరుడి ఊరి జనంతోనే.

మాది నెల్లూరు దగ్గర కోవూరు పక్కన పల్లె. నీళ్ల మోటార్లకు వైండింగ్ చేసే దుకాణం నాది. సినిమాల గురించి మాట్లాడటానికి నాకేం అర్హత ఉందంటే, ఛోటా భీమ్‌ను కొన్నేళ్ల పాటు ప్రతి రాత్రీ చూశాను. టీవీలో భీమ్ కనపడకపోతే మావాడికి ముద్ద దిగేది కాదు. 2008లో మొదలైన ఆ బొమ్మల కథ మన హైదరాబాదులో రాజీవ్ చిలక గారి కంపెనీ తయారు చేసిందే. అయినా ఆ తెలుగు వింటే పిల్లలు ఆడుకుంటున్నట్టు ఉండదు, సభలో ఉపన్యాసం ఇస్తున్నట్టు ఉంటుంది. సరే, అది వేరే ఏడుపు.

2021 నవంబరులో పెన్న పొంగిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. సోమశిల డ్యాం నుంచి అయిదు లక్షల క్యూసెక్కుల పైమాటే వదిలారు. పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. హైవే మీద లారీలు బారులు తీరి నిలిచిపోయాయి. మా ఇంట్లో సాయంత్రానికి మోకాలి లోతు, చీకటి పడేసరికి నడుము దాకా నీళ్లు. నేను, మా ఆవిడ, ఆరేళ్ల మావాడు, చూసిపోదామని వచ్చి ఇరుక్కుపోయిన మా అత్తగారు, నలుగురమూ మిద్దె ఎక్కాం. పైకి తెచ్చుకున్నవి ఒక బిందె నీళ్లు, దుప్పట్లు, బీరువాలోని చీరల మూట, నెల్లూరులో కొన్న మలై కాజాల డబ్బా. బియ్యం వదిలేసి కాజాలు ఎందుకు తెచ్చామో ఇప్పటికీ అర్థం కాదు.

అందరం వణుకుతున్నాం, మావాడు మాత్రం హాయిగా ఉన్నాడు. పిట్టగోడ మీద ఒక కాజా పెట్టి దాని పక్కనే కాపలా కూర్చున్నాడు. ఏమిట్రా అది అంటే, "భీమ్ వస్తే బలం కావాలి కదా నాన్నా. లడ్డూ లేదు. కాజా తిన్నా బలం వస్తుందా?" అన్నాడు. వస్తుందన్నాను. ఇంకేమనాలి?

మా ఎదురిల్లు పెంకుటిల్లు. ముసలాయన, ఆయన భార్య మాత్రమే ఉంటారు. రాత్రి తొమ్మిది దాటాక అటునుంచి కేకలు మొదలయ్యాయి. నేను ఫోను పట్టుకుని తెలిసిన వాళ్లకూ తెలియని వాళ్లకూ చేస్తూనే ఉన్నాను. ఒక్కటీ కలవలేదు. మా అత్తగారు కాసేపు చూసి, "ఫోను తర్వాత చేద్దురు గానీ నాయనా, ఆ చీరల మూట ఇటు ఇవ్వండి" అంది. రెండేసి చీరలు కలిపి మెలిపెట్టి, ముడి వేసి, ముడిని నీళ్లతో తడిపి, కాలితో తొక్కిపట్టి బిగించింది. పక్క మిద్దె మీదివాళ్లు వాళ్ల చీరలూ విసిరారు. సందు చివర పంక్చర్ల దుకాణంలోంచి కొట్టుకొచ్చిన లారీ ట్యూబును ఇద్దరు బెస్తవారి కుర్రాళ్లు గొంతు లోతు నీళ్లలో తోసుకుంటూ తెచ్చారు. తాడు కొసను దానికి కట్టాం. ఇవతల లాగడానికి ఏడెనిమిది మందిమి. జరీ అంచు నా అరచేతిని కోసింది.

ముందు ముసలావిడ వచ్చింది. ఆ తర్వాత ముసలాయన రానన్నాడు. గుడ్ల మీద కూర్చున్న కోడిపెట్టను వదిలి రాడట. చివరికి గంపతో సహా కోడిని ఒళ్లో పెట్టుకుని ట్యూబు మీద మహారాజులా వచ్చాడు. ఆ తాడులో మా ఆవిడ పెళ్లి చీర కూడా ఉంది. ఆ సంగతి నేను ఇప్పటికీ వారానికోసారి వింటున్నాను.

నీళ్లు తీసి బడి తెరిచాక, వరద బొమ్మ గీయమని టీచరు పిల్లలకు చెప్పారట. మావాడు గీసింది చూశాను. ఛోటా భీమ్ ఒక భుజం మీద ముసలాయనను, ఇంకో భుజం మీద ముసలావిడను ఎక్కించుకుని నీళ్ల మీద నడిచి వస్తున్నాడు. కోడి కూడా ఉంది. చీరల తాడు లేదు, ట్యూబు లేదు, కుర్రాళ్లు లేరు, అమ్మమ్మ లేదు. మిద్దె మీద మాత్రం పుల్లల్లాంటి మనుషులు వరసగా చేతులెత్తి నిలబడ్డారు.

"నేనెక్కడున్నానురా?"

"ఇదిగో నాన్నా, చప్పట్లు కొడుతున్నావు."

అరచేతికి కట్టు ఇంకా విప్పలేదు, నాకు ఒళ్లు మండింది. కానీ వాడి తప్పేముంది? అన్నేళ్లుగా వాడు చూసిన ప్రతి కథలోనూ ఊరివాళ్ల పని అదే. భీమ్ ఉండే ధోలక్‌పూర్‌కు ఇంద్రవర్మ అనే రాజున్నాడు, సైన్యం ఉంది. రాక్షసుడు రాగానే అందరూ కలిసి ఒక పిల్లవాడి కోసం పరుగెత్తుతారు. ఆ సైనికులకు జీతాలు దేనికి ఇస్తున్నట్టు? పరిశోధనలు చేసినవాణ్ణి కాను, రాగితీగ చుట్టుకునేవాణ్ణి. అయినా అడ్డంగా వాదిస్తాను: ఈ సినిమాల్లో పిల్లలు నేర్చుకునేది వీరత్వం కాదు, చప్పట్లు.

విదేశాల వాళ్లదీ ఇదే వరస. 1994 నాటి లయన్ కింగ్‌లో వేటాడి తెచ్చేది ఆడసింహాలు. అన్ని ఆడసింహాలు ఉండి కూడా, అన్నను చంపి గద్దెనెక్కిన స్కార్‌ను భరిస్తూ పడి ఉంటాయి. అడవిలో పురుగులు తింటూ పాటలు పాడుకునే సింబా, ఆ చచ్చిన రాజు కొడుకు, తిరిగొస్తే గానీ వాటికి రోషం రాదు. 2019లో కొత్తగా తీసినప్పుడు తెలుగులో సింబాకు నాని గొంతు ఇచ్చాడు. గొంతు బాగుంది, కథ మారలేదు.

నాకు నచ్చింది ఫైండింగ్ నీమో ఒక్కటే. చివర్లో చేపలన్నీ పెద్ద వలలో పడతాయి. నీమో అనే పిల్లచేప వాటిలోకి దూరి, అందరూ కిందికి ఈదండి అని చెబుతుంది. అన్నీ ఒక్కసారి కిందికి తోసేసరికి పైన వల కట్టిన దూలం విరిగిపోతుంది. ఉపాయం ఒకరిది, బరువు అందరిదీ. ఆ రోజు ట్యూబు తోసిన కుర్రాళ్లలో ఒకడు మోటారు కోసం దుకాణానికి వచ్చినప్పుడు, మావాడి పక్కన నిలబడి ఫోనులో ఆ ముక్క చూశాడు. "బరువంతా ఒకేసారి కిందికి పడితే ఏ తాడూ ఆగదన్నా" అన్నాడు. సముద్రం మీద తిరిగేవాడి మాట, నాకు అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

భీముడంటే మన పురాణాల వీరుడే కదా అంటారేమో. మా నెల్లూరులో మనుమసిద్ధి కొలువులో ఉన్న తిక్కన రాసిన విరాటపర్వం తెరిచి చూడండి. వలలుడనే వంటవాడిగా దాక్కున్న భీముడు చీకట్లో కీచకుణ్ణి చంపి, చప్పుడు చేయకుండా వంటశాలకు వెళ్లిపోతాడు. కీచకుణ్ణి నర్తనశాలకు రప్పించేది ద్రౌపది. పేరు గంధర్వులకు పోతుంది. ఎవరూ లడ్డూలు పెట్టరు.

మా అత్తగారిది కలిగిరి వైపు. 1992లో దూబగుంటలో రోశమ్మగారూ తోటి ఆడవాళ్లూ సారా దుకాణం మూయించినప్పుడు ఈవిడ చంకలో పిల్లతో పక్క ఊళ్లో ఉండేది. ఊరూరా ఆడవాళ్లు చీపుళ్లూ కారప్పొడీ పట్టుకుని సారా అమ్మేవాళ్లను తరిమారు, సారా వేలంపాటలు సాగనివ్వలేదు. 1993లో సారా నిషేధం వచ్చింది, 1995 జనవరిలో మొత్తం మద్యానికే వచ్చింది. ఎవరైనా ఆ కథ రోశమ్మ ఒక్కతే సాధించినట్టు చెబితే మా అత్తగారు ఊరుకోదు. "ఆమె ముందు నిలబడింది, కాదనను. వెనక చీపుళ్లు ఊరికే పుట్టాయా?" అంటుంది. చీరలు ముడేసిన చేతులు అవే. మనవడి బొమ్మలో తను లేదని తెలిసి ఒక్క మాటా అనలేదు, నవ్వింది.

మీ పాపను సినిమాలు చూడనివ్వండి. కుదిరితే పక్కన కూర్చుని, రాక్షసుడు వచ్చినప్పుడు ఆ కొట్టతను ఎక్కడికి పోయాడు, ఆ సైనికుడు ఏం చేస్తున్నాడు అని అడుగుతూ ఉండండి. నేను అలా అడిగితే మావాడు విసుక్కుని టీవీ ఆపేశాడు. అదీ ఒక ఉపయోగమే.

కాజా సంగతి మరిచాను. తెల్లారేసరికి పిట్టగోడ మీద అది లేదు. భీమ్ రాత్రి వచ్చి తిని వెళ్లాడని మావాడు బడంతా చాటాడు. ఇప్పుడు పదేళ్లు దాటినా, ఆ మాట ఎత్తితే కాదనడు. తెల్లవారుజామున మూడింటికి, చెయ్యి మండుతూ, కడుపు కాలుతూ ఉంటే దాన్ని తిన్నది నేనే. మా అత్తగారు చూసింది. ఆవిడా చెప్పలేదు.