ఆసుపత్రిని ‘గౌరవించడం’ సరైన తెలుగేనా?

సందేహం: నర్సింగ్ కళాశాలలో బోధిస్తున్నాను. జెనీవా ఒప్పందాల పాఠంలో ‘యుద్ధంలో ఆసుపత్రులను గౌరవించాలి, రక్షించాలి’ అని రాయించాను. ‘పెద్దలను గౌరవిస్తాం, కట్టడాన్ని ఎలా గౌరవిస్తాం మేడమ్?’ అని ఒక విద్యార్థిని అడిగింది. ‘రక్షించాలి’ ఒక్కటే ఉంటే చాలదా?
(ఒక అధ్యాపకురాలు, మిర్యాలగూడ)

సమాధానం: మీ విద్యార్థిని ఆగవలసిన చోటే ఆగింది. ‘గౌరవించు’ అనగానే మనకు నమస్కారం, శాలువా గుర్తొస్తాయి. ఒప్పందం చెప్పేది అది కాదు. అలాగని ఆ మాట తీసేసి ‘రక్షించాలి’ ఒక్కటే ఉంచితే సగం అర్థం పోతుంది. యుద్ధంలో పౌరుల రక్షణ కోసం 1949లో కుదిరిన నాలుగో జెనీవా ఒప్పందం 18వ అధికరణంలో ఆ రెండు మాటలూ పక్కపక్కన ఉన్నది రెండు వేర్వేరు బాధ్యతలు చెప్పడానికే.

పాలమూరు వైపు పల్లి చేను వేసిన ఏ రైతును అడిగినా ఈ తేడా చెబుతాడు. పక్కవాడి చేలోకి పశువులను తోలకపోవడం ఒకటి. అడవిపందులు పడకుండా రాత్రంతా మంచె మీద కావలి ఉండడం మరొకటి. మొదటిదానికి ఊరుకుంటే చాలు, రెండోదానికి పూనుకోవాలి. ఆసుపత్రిపై దాడి చేయకూడదు, దాని పనికి అడ్డుపడకూడదు అన్నది మొదటి బాధ్యత. ఇతరులు దాన్ని దోచుకోకుండా, మందులు ఆగకుండా చూడాలన్నది రెండోది.

మొదటిదానికి మన భాషలో ‘జోలికి పోకపోవడం’ అనే చక్కని పలుకుబడి ఉంది. కాబట్టి ‘ఆసుపత్రుల జోలికి పోకూడదు, వాటిని కాపాడాలి’ అని రాయించండి. కాపాడులోని ‘కాపు’, కాపరి, కావలి అన్నీ చుట్టాలే. నాకైతే ‘మర్యాద’ మీద కూడా మనసు పోయింది. సంస్కృతంలో దానికి హద్దు, చెలియలికట్ట అని అర్థం. రాముడు మర్యాదా పురుషోత్తముడైంది హద్దు దాటనందుకే. కానీ నేటి పాఠకుడికి మర్యాద అంటే మన్నన మాత్రమే. అందుకే వదిలేశాను.

అడగకపోయినా ఇంకొకటి చెప్పాలి. ‘ఆసుపత్రిని సైనికంగా వాడితే రక్షణ పోతుంది’ అని రాస్తుంటారు. ఇది ప్రాణాంతకమైన కుదింపు. 19వ అధికరణం ప్రకారం, శత్రువుకు హాని చేసే పనులకు వాడుతున్నా సరే, ముందు హెచ్చరించి, తగిన సందర్భాలన్నిటా గడువిచ్చి, అప్పటికీ వినకపోతేనే రక్షణ తొలగుతుంది. గాయపడిన సైనికులకు అక్కడ చికిత్స చేయడం అలాంటి హానికరమైన పని కానే కాదు. ‘వినకపోతేనే’ చివర ఉన్న ఏకారాన్ని వ్యాకరణం అవధారణార్థకం అంటుంది, అంటే ‘అలా అయితే మాత్రమే’ అని నొక్కి చెప్పేది. మంచం మీంచి లేవలేని రోగిని బయటికి చేర్చే వ్యవధి ఆ ఒక్క అక్షరంలో ఉంది. దయచేసి దాన్ని వదలకండి.

అలాగే ‘వైద్యులను కాపాడాలి’ అని ఊరుకోవద్దు. 2015 అక్టోబరు 3న అఫ్గానిస్థాన్‌లోని కుందుజ్‌లో, సరిహద్దుల్లేని వైద్యుల సంస్థ నడిపే ఆసుపత్రిపై అమెరికా విమానం దాడి చేసింది. ఆసుపత్రి ఎక్కడుందో సంస్థ అమెరికా సైన్యానికి ముందే తెలియజేసి ఉంది. చనిపోయిన 42 మందిలో 24 మంది రోగులు, 14 మంది సిబ్బంది, నలుగురు రోగుల వెంట వచ్చిన సహాయకులు. ‘వైద్యులు’ అనే మాటలో వీళ్లంతా ఇమడరు. 20వ అధికరణం కూడా ఆసుపత్రి నిర్వహణలో ఉన్నవారిని, క్షతగాత్రులను వెదికి చేరవేసేవారిని కలుపుకొనే చెబుతుంది. ‘ఆసుపత్రి సిబ్బంది’ అని రాయించండి. దవాఖానలో చిట్టీలు రాసే మనిషి, అంబులెన్సు నడిపే మనిషి అందులోకి వస్తారు.