మేరువు ఎటు? శ్రీశైలం ఎటు?
(పాఠకుల సందేహాలు, సమాధానాలు)

ప్రశ్న: మా దగ్గరున్న వ్రతకల్పం పుస్తకంలో సంకల్పం దగ్గర "మేరోర్దక్షిణ దిగ్భాగే, శ్రీశైలస్య ఈశాన్య ప్రదేశే, కృష్ణా గోదావర్యోః మధ్యప్రదేశే" అని అచ్చు వేశారు. మాది విశాఖపట్నం. అదే చదవాలా, మార్చుకోవాలా?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: మార్చుకోవాలి. మీ విషయంలో మారేది దిక్కు కాదు, నదులు.

సంకల్పం పూజ చేసేవారి చిరునామా. ఉత్తరం మీద రాసే చిరునామా ఇంటి నంబరుతో మొదలై దేశంతో ముగుస్తుంది. ఇది తలకిందులు: జంబూద్వీపం, భరతవర్షం, భరతఖండం, తర్వాత మేరువుకు ఎటు, శ్రీశైలానికి ఎటు, ఏ నదుల మధ్య, చివరికి ఇల్లు. మేరువు లోకానికంతటికీ నడిబొడ్డు, శ్రీశైలం తెలుగు నేలకు నడిబొడ్డు. తమిళుల సంకల్పంలో "మేరోః దక్షిణే పార్శ్వే" వరకు వస్తుంది కానీ శ్రీశైలం రాదు. మరాఠీవారు దండకారణ్యం, గోదావరి తీరం చెప్పుకుంటారు.

దిక్కు కట్టేటప్పుడు ఎక్కువమంది చేసే పొరపాటు ఒకటుంది. ఖమ్మంలో నిలబడి చూస్తే శ్రీశైలం నైరుతిలో ఉంటుంది కాబట్టి "నైరృత్య ప్రదేశే" అనేస్తారు. వాక్యానికి అర్థం అది కాదు. శ్రీశైలంలో నిలబడి మీ ఊరి వైపు చూడాలి. అలా చూస్తే ఖమ్మం ఈశాన్యమే. ఉత్తరం పైకి ఉన్న పటం మీద శ్రీశైలం నుంచి మీ ఊరికి స్కేలు పెట్టి గీత గీయండి. వృత్తం మొత్తం 360 డిగ్రీలు కాబట్టి ఒక్కో దిక్కుకు 45 వస్తాయి. నడి ఉత్తరానికి అటు ఇరవై రెండున్నర, ఇటు ఇరవై రెండున్నర డిగ్రీలు ఉత్తరం కిందే లెక్క. మిగతావీ అంతే.

ఈ లెక్కన హైదరాబాదు, కరీంనగర్, ఆదిలాబాద్ ఉత్తరంలోకి వస్తాయి. మహబూబ్‌నగర్ వాయవ్యం, కర్నూలు పడమర, అనంతపురం నైరుతి, తిరుపతి దక్షిణం, నెల్లూరు, ఒంగోలు ఆగ్నేయం. గుంటూరు, విజయవాడ, రాజమండ్రి పుస్తకాల్లో ఈశాన్యంగా కనిపిస్తాయి కానీ కొలిస్తే తూర్పే. విశాఖ సరిగ్గా తూర్పు, ఈశాన్యాల గట్టు మీద పడుతుంది. మీ పెద్దలు ఈశాన్యం అంటూ వస్తుంటే అలాగే అనండి, తప్పు పట్టడానికి లేదు.

నదులకు ఆ సందు లేదు. విశాఖ గోదావరికి ఉత్తరాన ఉంది, కృష్ణా గోదావరుల మధ్య లేదు. మీరు "గంగా గోదావర్యోః మధ్యప్రదేశే" అనాలి. గోదావరి ఎడమ గట్టున ఉన్న రాజమండ్రికి, ఆవలి ఒడ్డు దాటిన ఆదిలాబాదుకు కూడా ఇదే మాట. కృష్ణకు దక్షిణాన ఉన్న గుంటూరు, నెల్లూరు, అనంతపురంవారికి "కృష్ణా కావేర్యోః". పుస్తకంలో ఉన్న మాట విజయవాడ, ఏలూరు, ఖమ్మం, వరంగల్, హైదరాబాదులకు సరిపోతుంది. "కృష్ణా గోదావరి మధ్యే" అని చదివేస్తుంటారు కానీ రెండు నదుల మధ్య అనాలంటే చివర "ర్యోః" ఉండి తీరాలి.

ఇల్లు సొంతమైతే "స్వగృహే", అద్దెదైతే "వసతిగృహే". ఇన్నాళ్లూ తప్పు చదివామే, చేసిన వ్రతాలు చెడ్డాయేమోనని బెంగపడకండి. శ్రీశైలం దిక్కు చెప్పడం మన ప్రాంతపు ఆచారం, అది లేకుండానే సంకల్పం చెప్పుకునేవారు దేశమంతటా ఉన్నారు.

ప్రశ్న: మేం న్యూజెర్సీలో ఉంటున్నాం. ఇక్కడి పురోహితులు "క్రౌంచద్వీపే, రమణకవర్షే, ఐంద్రఖండే" అంటారు. ఇది శాస్త్రమేనా? ఇక్కడి నుంచి కూడా మేరువుకు దక్షిణమేనా?
– ఒక పాఠకుడు, అమెరికా

జవాబు: రెండో ప్రశ్నే ముందు చూద్దాం, అది తేలిక. మీరూ మేరువుకు దక్షిణానే ఉన్నారు. ద్వీపాలన్నిటికీ, వాటిలోని వర్షాలన్నిటికీ (వర్షమంటే ఇక్కడ భూభాగం) మేరువు ఉత్తరాననే ఉంటుందని విష్ణుపురాణం రెండో అంశంలో ఉంది. సూర్యసిద్ధాంతం అనే పాత ఖగోళ గ్రంథం దాన్ని భూగోళానికి అన్వయించి మేరువును ధ్రువం దగ్గర నిలబెట్టింది. అక్కడ దేవతలకు ఆరు నెలలు పగలు, ఆరు నెలలు రాత్రి. పురాణం లక్ష యోజనాలు చెప్పిన మేరువును ఆర్యభటుడు ఒకే ఒక్క యోజనానికి కుదించాడు. ధ్రువం దగ్గర ఉన్నదానికి భూమి మీద ఎక్కడున్నా మీరు దక్షిణమే అవుతారు, ఆస్ట్రేలియాలో ఉన్నా సరే.

ఆ దిక్కు కంటితో చూడాలంటే ధ్రువనక్షత్రాన్ని చూడండి. మేరువు మీద అది నడినెత్తిన ఉంటుంది, భూమధ్యరేఖ దగ్గర నేలను తాకుతుంది. మధ్యలో ఎక్కడైనా మీ అక్షాంశం ఎన్ని డిగ్రీలో అది అంత ఎత్తున నిలుస్తుంది. శ్రీశైలంలో 16 డిగ్రీలు. చేయి చాచి పిడికిలి పట్టుకుంటే దాని అడ్డం సుమారు 10 డిగ్రీలు, అంటే అక్కడ పిడికిలిన్నర ఎత్తు. మీ దగ్గర నాలుగు పిడికిళ్లు.

ఇక క్రౌంచద్వీపం. అది ప్రవాసంలో స్థిరపడిన వాడుక, పురాణ భూగోళంతో పూర్తిగా పొసగదు. భాగవతం పంచమ స్కంధంలో రమణక వర్షం పుష్కరద్వీపంలో ఒకటి, శాల్మలీద్వీపంలో ఒకటి కనిపిస్తాయి. క్రౌంచద్వీపపు ఏడు వర్షాల్లో ఆ పేరు లేదు. అయితే అమెరికాలో కూర్చుని "భరతవర్షే" అనడం కంటే ఇది నయం. చిరునామాలో ఊరి పేరు మార్చకుండా వదిలేయడం కంటే అందరూ ఒప్పుకున్న పేరు రాయడం మేలు కదా. మీ గుడిలో ఏది వాడితే ఇంట్లోనూ అదే వాడండి.

శ్రీశైలం దిక్కు మాత్రం వదిలేయమని మా సలహా. గోడ పటంలో న్యూజెర్సీ శ్రీశైలానికి పడమరగా కనిపిస్తుంది. గ్లోబు తీసుకుని రెండు ఊళ్ల మధ్య దారం బిగించి చూడండి. దారం శ్రీశైలం నుంచి దాదాపు ఉత్తరంగా, కాస్త పడమర మొగ్గి పోతుంది. ఏ దిక్కు చెప్పినా వాదన మిగులుతుంది.

ప్రశ్న: బడిలో ప్రదర్శనకు పిల్లలతో మేరువు, జంబూద్వీపం నమూనా చేయిస్తున్నాం. కొలతలు చెప్పగలరా? శిఖరం సన్నగా చేశాం, సరేనా?
– ఒక ఉపాధ్యాయిని, వరంగల్

జవాబు: శిఖరం సన్నగా ఉండకూడదు. మేరువు పద్మంలో కర్ణిక లాంటిదన్నారు, అంటే తామర దుద్దు. పైన వెడల్పు, కింద సన్నం. విష్ణుపురాణం లెక్క ఇది: నేల పైన 84 వేల యోజనాలు, నేలలోకి 16 వేలు, పైన అడ్డం 32 వేలు, మొదట్లో 16 వేలు. ఒక సెంటీమీటరుకు వెయ్యి యోజనాలు పెట్టుకుంటే జంబూద్వీపం సరిగ్గా మీటరు అడ్డం ఉన్న గుండ్రటి చెక్క అవుతుంది.

చెక్క మీద దక్షిణపు అంచు నుంచి ఉత్తరానికి ఇలా కొలవండి. భరతవర్షం 9 సెంటీమీటర్లు, హిమవంతం 2, కింపురుషవర్షం 9, హేమకూటం 2, హరివర్షం 9, నిషధం 2. అక్కడి నుంచి ఇలావృతం 9, మేరువు 16, మళ్లీ ఇలావృతం 9. తర్వాత నీలం 2, రమ్యకం 9, శ్వేతం 2, హిరణ్మయం 9, శృంగి 2, ఉత్తరకురువులు 9. కూడి చూడండి, వంద తేలుతుంది. తేలకపోతే ఇలావృతాన్ని రెండు వైపులా వేయడం మరిచారన్నమాట. వీటిలో రెండేసి సెంటీమీటర్లవి వర్షాల మధ్య అడ్డపు కొండలు, వాటి ఎత్తు కూడా 2 సెంటీమీటర్లే. తూర్పున భద్రాశ్వం, పడమట కేతుమాలం.

రెండు చోట్ల ఇబ్బంది వస్తుంది. నిషధ, నీల పర్వతాల పొడవు లక్ష యోజనాలు, తర్వాతి జతలు పదేసి వేలు తక్కువ అని చెప్పారు. ఆ లెక్కన 100, 90, 80 సెంటీమీటర్ల పట్టీలు కోస్తే ఒక్కటీ చెక్కలో పట్టదు. హిమవంతం ఉండాల్సిన చోట చెక్క అడ్డం సుమారు 60 సెంటీమీటర్లే ఉంటుంది. పొడవు పట్టించుకోకండి. కొండల రెండు కొసలూ ఉప్పు సముద్రాన్ని తాకుతాయన్న మాట పట్టుకుని అంచు దగ్గర కత్తిరించేయండి.

రెండోది బరువు. 84 సెంటీమీటర్ల ఎత్తున, పై భాగం రెట్టింపు వెడల్పున్న థర్మోకోల్ ముక్క జిగురుతో నిలవదు, ఫ్యాను వేస్తే పడిపోతుంది. చెక్కకు 16 సెంటీమీటర్లకు కొంచెం ఎక్కువ ఎత్తున కాళ్లు పెట్టి, మధ్యలో 16 సెంటీమీటర్ల రంధ్రం కోసి, మేరువు మొదలును అందులోంచి కిందికి దించండి. నేలలోని 16 వేల యోజనాలూ చూపించినట్టవుతుంది, నమూనా కూడా గట్టిగా నిలుస్తుంది. నడుమ నిలువుగా ఒక ఇనుప చువ్వ ఉంటే ఇంకా మంచిది.

మేరువు చుట్టూ 10 సెంటీమీటర్ల కొండలు నాలుగు పెట్టండి: తూర్పున మందరం, దక్షిణాన గంధమాదనం, పడమట విపులం, ఉత్తరాన సుపార్శ్వం. వాటి మీద వరసగా కడిమి, నేరేడు, రావి, మర్రి చెట్లు. చెట్టు ఎత్తు 1,100 యోజనాలు, అంటే సెంటీమీటరు పైన ఒక్క మిల్లీమీటరు. దక్షిణపు కొండ మీది నేరేడే ద్వీపానికి పేరు పెట్టిన జంబూవృక్షం. ఆ ఒక్కదానికి పిల్లలు ఊదారంగు పూసలు అతికిస్తే చూసేవాళ్లకు వెంటనే తెలుస్తుంది.

ప్రశ్న: కైలాసం, మేరువు ఒకటేనా?
– ఒక పాఠకుడు, కడప

జవాబు: కాదు. పురాణాల పర్వతాల పట్టికలో రెండూ వేర్వేరుగా ఉన్నాయి. టిబెట్‌లో యాత్రికులు ప్రదక్షిణ చేసేది కైలాసానికి, దాని ఎత్తు 6,638 మీటర్లు. మీ జిల్లాలోనే పెన్న ఒడ్డున సిద్ధవటం ఉంది. అది శ్రీశైలానికి దక్షిణ ద్వారం. తూర్పున త్రిపురాంతకం, పడమట అలంపురం, ఉత్తరాన ఉమామహేశ్వరం మిగతా మూడు. కైలాసయాత్రకు వీలుపడనివారు ఈ నాలుగు ద్వారాలూ చూసి శ్రీశైలం ఎక్కవచ్చు, పాస్‌పోర్టు అక్కర్లేదు.