పక్కవాళ్ళ పని తేలిగ్గా కనిపించే బుద్ధి ఎలా పోతుంది? పలాస నుంచి నా జవాబు

కొత్తగా టీం లీడ్ అయ్యానని, కిందివాళ్ళు రోజంతా చేసే పని నేనైతే రెండు గంటల్లో చేసేస్తాననిపిస్తోందని, ఈ బుద్ధి పోయి కాస్త వినయం రావాలంటే ఏం చెయ్యాలని మీరు అడిగారు. ధ్యానం చెయ్యండి, పుస్తకాలు చదవండి అనేవాళ్ళు ఎలాగూ ఉంటారు. నాకు వాటి మీద నమ్మకం లేదండి. ఏళ్ళ తరబడి ప్రవచనాలు విని, బయటికొచ్చి చెప్పులు కాసే ముసలామెతో రెండు రూపాయల కోసం గొడవపడే పెద్దమనుషుల్ని చాలామందిని చూశాను. వినయం వచ్చేది ఒక్క దారిలోనే. పని చేసే మనిషి పక్కన కూర్చుని "ఇదెందుకిలా చేస్తున్నారు" అని అడగాలి, జవాబు పూర్తయ్యేదాకా మధ్యలో సలహా ఇవ్వకుండా ఉండాలి.

మాది పలాసని ఆనుకునే ఉన్న కాశీబుగ్గ, ఇక్కడ ఒక జీడి ఇండస్ట్రీలో లెక్కలు రాస్తాను. మొన్న వేసవిలో మా అక్కా బావా హైదరాబాద్ నుంచి వచ్చారు. బావ సాఫ్ట్‌వేర్‌లో టెస్టింగ్ చేస్తాడు, మంచి మనిషే గానీ ఏ పని చూసినా ఎక్కడ టైం వేస్ట్ అవుతోందా అని వెతుకుతాడు. జీడిపప్పు ఎలా తయారవుతుందో చూస్తానంటే తీసుకెళ్ళాను. పిక్కలు ఎండబెట్టడం, బాయిలర్‌లో ఆవిరి పట్టడం, పిక్క తొక్క కోసే కటింగ్, బోర్మాలో అంటే వేడిగాలి గదిలో పప్పు ఆరబెట్టడం అన్నీ చూపించి చివరికి పీలింగ్ హాల్‌కి వచ్చాం. ఆడవాళ్ళు వరసగా కూర్చుని చిన్న చాకులతో పప్పు మీది ఎర్ర పొట్టు తీస్తున్నారు. వాళ్ళ ముందున్న కుప్పలు చూసి బావ నాతో మెల్లగా "ఇంతసేపటికి ఇంతేనా, అక్కడ మెషిన్ ఉంది కదా, ఇందులో ఏముందని" అన్నాడు. అది అక్కడే పొట్టు తీస్తున్న మా వీధి పిన్నికి వినబడింది.

పిన్ని తలెత్తకుండానే "మిసను ఒలిసినవి మా కాడికెందుకొస్తాయి బాబూ, దానికి లొంగనివే మాకొస్తాయి" అంది.

నిజం అదేనండి. మెషిన్ గాలికి పొట్టు ఊడిపోయే పప్పు ముందే అటు వెళ్ళిపోతుంది, పొట్టు అంటుకుపోయి మొండికేసినవన్నీ వీళ్ళ చేతికొస్తాయి. ఒకప్పుడు వీళ్ళ కుప్పలో సులువువీ కష్టమైనవీ కలిసి ఉండేవి, ఇప్పుడు మిగిలినవన్నీ కష్టమైనవే. బయటనుంచి చూసేవాడికి మాత్రం చెయ్యి నెమ్మదించినట్టే కనిపిస్తుంది.

బావ అక్కడే గొంతుక్కూచున్నాడు, అది నాకు నచ్చింది. కొన్ని పప్పులు పొట్టుతోనే ఎందుకు పక్కన పెడుతున్నారని అడిగాడు. అవి సరిగ్గా ఆరలేదట, చాకు పెట్టి గీరితే పప్పు మీద గాటు పడుతుంది లేదా రెండు బద్దలవుతుంది, వాటిని మళ్ళీ బోర్మాకి పంపాలి. మరీ ఎక్కువ ఆరితే పెళుసెక్కి ముట్టుకుంటేనే విరిగిపోతాయి. ఆ సంగతి ఎలా తెలుస్తుందంటే "సేతికి తెలిసిపోద్ది" అంది. తర్వాత ఇంకో గుప్పెడు తీసి చూసి, నావైపు తిరిగి "నిన్న బాయిలరు కాడ ఎవులున్నారు?" అని అడిగింది. పప్పు అంచున కత్తి గాట్లున్నాయి. ఆవిరి చాలకపోతే తొక్క సరిగ్గా విడదు, కటింగ్‌లో బ్లేడు పప్పుదాకా దిగుతుంది, ఆవిరి ఎక్కువైతే తొక్కలోని జీడినూనె లోపలికి పాకి పప్పు రంగు మారుతుంది. ఎక్కడో మొదట జరిగిన తప్పుని చిట్టచివర కూర్చున్న మనిషి గుప్పెట్లో చూసి చెప్పేస్తోంది. బావ అప్పుడన్నాడు, "నేను చేసే పని కూడా ఇదే కదా" అని. ఇంక మెషిన్ మాట ఎత్తలేదు, ఇంకా ఏమేం చూసి కనిపెడతారని అడుగుతూ కూర్చున్నాడు, నేను వెళ్ళి రిజిస్టర్ పని పూర్తి చేసుకుని తిరిగొచ్చినా అక్కడే ఉన్నాడు.

ఇక్కడ నాకు కోపం తెప్పించే విషయం ఒకటుంది. పప్పు విరగడమంటే చిన్న సంగతి కాదు. జీడిపప్పు గ్రేడుల్లో డబ్ల్యూ 240 అంటే ఒక పౌనుకి, అంటే 454 గ్రాములకి, 240 వరకు తూగే నిండు పప్పు, డబ్ల్యూ 320 అంటే దానికంటే చిన్నది, ఏ రకమైనా బద్ద అయిందంటే రేటు పడిపోతుంది. మరి బాయిలర్ దగ్గరో బోర్మా దగ్గరో జరిగిన తేడాకి బద్దలు పెరిగినా లెక్కలో అవి పీలింగ్ వాళ్ళ పేరు మీదే పడతాయి, సూపర్‌వైజర్ అరిచేదీ వాళ్ళమీదే. కిలో లెక్కన కూలి కాబట్టి మొండి పప్పు ఒలిచినా సులువు పప్పు ఒలిచినా కిలో కిలోయే. ఇంత చేస్తే, షాపులో కొనేవాళ్ళు "పలాసలోనే ఇంత రేటా" అని బేరమాడతారు, వాళ్ళే మాల్‌కి వెళ్తే ప్యాకెట్ మీద ఎంత ఉంటే అంతా ఇచ్చి వస్తారు.

2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను మా శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతాన్ని ఊడ్చేసినప్పుడు కూడా ఇదే చూశాను. జీడిచెట్లు, కొబ్బరిచెట్లు, కరెంటు స్తంభాలు అన్నీ ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి, వేరే జిల్లాలనుంచి లైన్‌మెన్లు వచ్చి పనిచేస్తుంటే ఊళ్ళో అరుగు మీద కూర్చున్నవాళ్ళు "రెండు తీగలు కలపడానికి ఇన్ని రోజులా" అంటున్నారు. స్తంభం నిలబెట్టాలంటే ముందు చెట్లు కోసి దారి చెయ్యాలి, స్తంభం తోటలోకి చేరాలి, గొయ్యి తవ్వాలి, లైను మొత్తం నడిచి చూసుకున్నాకే కరెంటు వదలాలి. అరుగు దిగి తోటలోకెళ్ళి ఒక్కరు అడిగినా తెలిసేది.

మీ సంగతికొస్తే, టీంలో ఎవరి పని అన్నిటికంటే తేలిగ్గా కనిపిస్తోందో ముందు వాళ్ళ పక్కనే కూర్చోండి. "ఎంతసేపు పడుతుంది" అని మాత్రం అడక్కండి, లెక్క చెప్పమంటున్నారనుకుని బిగుసుకుపోతారు. పని మీ దగ్గరికి ఎలాంటి స్థితిలో వస్తోంది, ముందు ఎవరి చేతుల్లో ఏది పాడైతే మీరు సర్దుతున్నారు అని అడగండి. చెప్పేటప్పుడు పక్క టీంవాళ్ళ పేర్లు వస్తాయి, అవి నోట్‌బుక్‌లో రాసుకోవద్దు. రాస్తున్నారని తెలిస్తే రెండోసారి మీకెవరూ నిజం చెప్పరు.