కుందేలుకి సలహా ఇమ్మనండి

ప్రశ్న: మా బాబుకి ఎనిమిదేళ్లు. ఫోన్‌లో గేమ్ ఆడుతుంటే ఎవరో చాట్‌లో 'నీ ఫోటో పంపు, కాయిన్స్ ఇస్తా' అన్నారని వచ్చి చెప్పాడు. టెన్షన్‌గా ఉంది. ఇంటర్నెట్ జాగ్రత్తలు చెప్పే యానిమేషన్ కథలు చూపిస్తే సరిపోతుందా?
- ఒక తల్లి, గుంటూరు

జవాబు: చూపించండి, కానీ ఫోన్ చేతికిచ్చి మీరు వంటింట్లోకి వెళ్లిపోతే అది ఇంకో కార్టూన్ అయిపోతుందండీ. పక్కన కూర్చోండి. కథలో కుందేలు పిల్లకి తెలియనివాళ్ల మెసేజ్ వచ్చిందనుకోండి, అక్కడ ఆపి 'ఇప్పుడిది ఏం చేయాలి నాన్నా?' అని అడగండి. మనం నీతులు చెబితే తల దించుకునే పిల్లలే కుందేలుకి సలహా ఇమ్మంటే గబగబా చెప్పేస్తారు, ఆ మాటల్లోనే తమకు జరిగింది కూడా బయటపెడతారు. బ్రిటన్‌లో నేషనల్ క్రైమ్ ఏజెన్సీ 4 నుంచి 7 ఏళ్ల పిల్లల కోసం ఇలాంటి 3 భాగాల యానిమేషన్ తయారు చేయించింది. భయమేసినా బెంగగా ఉన్నా పెద్దవాళ్లకి చెప్పాలన్నదే అందులో అసలు మాట.

మీవాడు ఆ పని ముందే చేశాడు! అందుకే ఫోన్ లాక్కోకండి, లాక్కుంటే ఇంకోసారి చెప్పడు. చాట్ స్క్రీన్‌షాట్ తీసి, ఆ అకౌంట్‌ని గేమ్‌లోనే రిపోర్ట్ చేసి బ్లాక్ చేయండి. ఎప్పుడైనా ఫోటో వెళ్లిపోయి బెదిరింపులు మొదలైతే ఆలస్యం చేయకుండా పిల్లల హెల్ప్‌లైన్ 1098కి, సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.