రెండు నెలల పాపకు హెచ్‌ఐవీ టెస్ట్ పాజిటివ్ వస్తే సోకినట్టేనా?

మీ చెల్లెలు హెచ్‌ఐవీకి మందులు వాడుతోందని, రెండు నెలల పాపకు విజయవాడలో బయట ల్యాబ్‌లో పాజిటివ్ వచ్చిందని రాశారు. ఆ ఒక్క కాగితంతో పాపకు సోకిందని చెప్పలేం. ముందు అది ఏ టెస్టో చూడండి.

నాకూ హెచ్‌ఐవీ ఉంది, మాకూ ఇలాగే అయింది. తెలిసినవాళ్ల కంట పడకూడదని బాబును గుంటూరులో ఒక ప్రైవేట్ ల్యాబ్‌కి తీసుకెళ్లాం. వాళ్లు రాపిడ్ టెస్ట్ చేసి, పాజిటివ్ అని కవరు చేతిలో పెట్టారు. ఆ రాత్రి నేనూ మా ఆయనా అన్నం ముట్టలేదు. తెల్లారి ఐసీటీసీ (ప్రభుత్వ హెచ్‌ఐవీ సలహా, పరీక్షా కేంద్రం) కౌన్సిలర్ ఆ కాగితం చూసి, "ఇది బాబుది కాదమ్మా, నీ రిపోర్టే" అంది. రాపిడ్ టెస్ట్ పట్టుకునేది వైరస్‌ను కాదు, దాన్ని ఎదుర్కోవడానికి ఒంట్లో తయారయ్యే యాంటీబాడీలను. అవి కడుపులో ఉండగానే తల్లి నుంచి బిడ్డకు చేరతాయి, 18 నెలల దాకా ఉండొచ్చు. అందుకే ఈ వయసులో వైరస్‌నే వెతికే పీసీఆర్ చేయాలి.

ఐసీటీసీలో ఉచితం. మామూలుగా ఆరో వారంలో, టీకాలప్పుడే చేస్తారు, దాటిపోయినా వెళ్లొచ్చు. మా వాడి మడమ పక్కన చిన్న సూదితో గుచ్చి, మొదటి చుక్క దూదితో తుడిచేశారు. ఉన్న కాస్త రక్తం పారేస్తున్నారేంటని నాకు ప్రాణం పోయింది! తర్వాతి చుక్కలతో కార్డు మీద ఐదు వలయాలు నింపి, ఎండ తగలకుండా గంటల తరబడి ఆరబెట్టి, పెద్ద ల్యాబ్‌కు పంపారు. దాన్నే డీబీఎస్ అంటారు. రిపోర్టు వచ్చేదాకా టెన్షనే, మాకు మూడు వారాలు దాటింది. నెగటివ్.

అంతటితో అయిపోదు. తల్లిపాలు తాగుతున్నంత కాలం రిస్క్ ఉంటుంది కాబట్టి 6, 12 నెలలకు మళ్లీ చూస్తారు, ఆఖరి టెస్ట్ 18 నెలలకు, అప్పటికీ పాలు తాగుతుంటే మానేసిన మూడు నెలలకు. పీసీఆర్‌లో పాజిటివ్ వస్తే రెండో శాంపిల్ తీస్తారు, కానీ మందులు మాత్రం వెంటనే మొదలుపెడతారు. పసిపిల్లల్లో ఈ జబ్బు చాలా త్వరగా ముదురుతుంది.

ఈలోపు ఎవరో చెప్పారని, వైరస్ సోకకుండా పాపకిచ్చే సిరప్ గానీ, చెల్లెలి మాత్రలు గానీ ఆపొద్దు. పాలు మాన్పించే సంగతీ డాక్టర్నే అడగండి, అత్తగారిని కాదు.

విజయవాడ ప్రభుత్వాసుపత్రిలో ఐసీటీసీ ఉంది. పేరు బయటపడుతుందని భయమైతే, వివరాలు గోప్యంగా ఉంచాలని 2017 హెచ్‌ఐవీ చట్టమే చెబుతోంది. ముందు మాట్లాడాలంటే ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చేయండి. వెళ్లేటప్పుడు ఆ ల్యాబ్ కాగితం, చెల్లెలి ఏఆర్‌టీ (హెచ్‌ఐవీ మందుల) పుస్తకం రెండూ పట్టుకెళ్లండి.