షాపువాళ్లు బిగించిన మదర్‌బోర్డు షార్ట్ అయితే నష్టం ఎవరిది?

ప్రశ్న: మాది ఖమ్మం. ఇంట్లోనే పెళ్లి వీడియోల ఎడిటింగ్ చేసుకుందామని అమ్మ గాజులు కుదువపెట్టి సికింద్రాబాద్‌లో ఒక షాపులో 74 వేలకి కంప్యూటర్ పార్టులు కొన్నా సార్. ఫిట్టింగ్ వాళ్లే చేశారు, బిల్లులో రాయలేదు గానీ 500 ఫోన్‌పేలో కొట్టా. ఇంటికొచ్చాక పాత హార్డ్ డిస్క్ ఒకటి నేను పెట్టుకున్నా. నాలుగో రోజు మొత్తం డెడ్. షాపుకి తీసుకెళ్తే బోర్డు విప్పి, "కింద ఎక్స్‌ట్రా స్టాండాఫ్ ఉంది, షార్ట్ అయింది, ఫిజికల్ డ్యామేజ్ కాబట్టి వారంటీ రాదు" అని ఫొటోతో సహా వాట్సాప్ పెట్టారు. ఏడాది పది నెలల్నుంచి తిప్పుతూనే ఉన్నారు, అమ్మకి మొహం చూపించలేకపోతున్నా. అదే మోడల్ ఆన్‌లైన్‌లో కొని, కాలిన బోర్డు ఆ డబ్బాలో పెట్టి రిటర్న్ చేసెయ్ అంటున్నాడు ఫ్రెండ్. లేదంటే కంపెనీ మీద 10 లక్షలకి కేసు వేయొచ్చా?

జవాబు: ముందు మీ ఫ్రెండ్ సలహా సంగతి. ఆ పని చేస్తే ఇప్పుడు బాధితుడిగా ఉన్న మీరు రేపు ముద్దాయి అవుతారు. ప్రతి బోర్డు మీదా సీరియల్ నంబర్ ఉంటుంది, అమ్మినవాళ్ల దగ్గర రికార్డు ఉంటుంది. అది భారతీయ న్యాయ సంహిత 318(4) కింద చీటింగ్, ఏడేళ్ల దాకా శిక్ష పడొచ్చు. ఆ బోర్డే మీ కేసులో ప్రధాన సాక్ష్యం, దాన్ని చేతులారా పోగొట్టుకుంటారా?

ఇక అసలు విషయం. మీరు రాసిందంతా వారంటీ గురించే, కానీ మీది వారంటీ కేసు కానే కాదు. కంపెనీ బోర్డులో లోపం ఉందని ఎవరూ అనట్లేదు కదా, కంపెనీని లాగితే "సరిగ్గా బిగించలేదు, మాకేం సంబంధం" అని తేలిగ్గా బయటపడుతుంది. తేలాల్సింది ఒక్కటే, ఆ బోర్డు కేబినెట్‌లో బిగించింది ఎవరు?

స్టాండాఫ్‌లు అంటే బోర్డుకీ కేబినెట్ రేకుకీ మధ్య ఎడం ఉండటానికి బిగించే చిన్న లోహపు స్క్రూలు. బోర్డులో రంధ్రం ఉన్నచోటే అవి ఉండాలి. ఏటీఎక్స్ అనే పెద్ద సైజు బోర్డు పొడవు 305 మిల్లీమీటర్లు, మైక్రో ఏటీఎక్స్ అనే చిన్న సైజుది 244, పెద్ద బోర్డు కోసం ముందే బిగించి ఉన్న స్టాండాఫ్ తియ్యకుండా చిన్న బోర్డు పెట్టేస్తే అది వెనకాల సోల్డరింగ్‌కి తగిలి షార్ట్ అవుతుంది. అంటే మిమ్మల్ని ఏడిపించిన ఆ వాట్సాప్ మెసేజే మీకు బలం, ఫిట్టింగ్ మేమే తప్పు చేశాం అని షాపువాళ్లు రాసిచ్చినట్టు. వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద ఇది సేవాలోపం.

"కేబినెట్ మీరూ తెరిచారు" అని వాళ్లు కచ్చితంగా అంటారు. హార్డ్ డిస్క్ పెట్టడానికి పక్క డోరు తీస్తే చాలు, స్టాండాఫ్ దగ్గరికి పోవాలంటే బోర్డు మొత్తం ఊడదీయాలి. ఆ సంగతి మీరే ఫిర్యాదులో ముందు రాసేయండి, దాచారా అది వాళ్ల చేతికి ఆయుధమవుతుంది. మీరు వ్యాపారానికి కొన్నారని కూడా అంటారు, స్వయం ఉపాధితో బతకడానికి కొన్నవాళ్లు కూడా వినియోగదారులేనని చట్టంలోనే ఉంది.

మీ మీద నాకున్న కోపం ఒకటే. 74 వేల సరుక్కి బిల్లు తీసుకుని, ఫిట్టింగ్ 500 అందులో రాయించడానికి నోరెందుకు రాలేదు? ఇప్పుడు ఆ ఫోన్‌పే ఎంట్రీయే దిక్కు, కాబట్టి బ్యాంకు స్టేట్‌మెంట్ తీయండి. "ఫిట్టింగ్ అయింది రండి" లాంటి మెసేజ్ ఉంటే బంగారం. చాట్ మొత్తం ఎక్స్‌పోర్ట్ చేయండి, స్క్రీన్‌షాట్లు మాత్రమే పెట్టుకుని ఫోన్ మార్చేయకండి, ప్రింట్లతో పాటు ఎలక్ట్రానిక్ సాక్ష్యాలకి కావాల్సిన భారతీయ సాక్ష్య అధినియం 63(4) సర్టిఫికెట్ జత చేయండి. బోర్డు, కేబినెట్ ఉన్నవి ఉన్నట్టే కవర్లో పెట్టి ఉంచండి, రిపేరుకి ఇవ్వొద్దు. వేరే టెక్నీషియన్‌తో చూపించి అఫిడవిట్ తీసుకోగలిగితే ఇంకా గట్టిగా ఉంటుంది.

గడువు మాత్రం నన్ను భయపెడుతోంది. అదే వినియోగదారుల చట్టం సెక్షన్ 69 ప్రకారం ఫిర్యాదు వేయడానికి రెండేళ్లే, బోర్డు పోయిన రోజు నుంచే లెక్కేసుకోండి. రేపు రా ఎల్లుండి రా అని తిప్పినంత మాత్రాన, మీరు నెలనెలా మెసేజ్ పెట్టినంత మాత్రాన గడువు ఆగదు. దాటితే ఆలస్యానికి సరైన కారణం చూపించి వినియోగదారుల కమిషన్‌ని ఒప్పించుకోవాలి, మీకు చూపించడానికి ఏముంది?

కాబట్టి ఈ వారమే షాపుకి స్పీడ్ పోస్టులో నోటీసు పంపి 15 రోజులు గడువివ్వండి, జవాబు వచ్చినా రాకపోయినా పదహారో రోజు ఫిర్యాదు వేసేయండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసుకోవచ్చు గానీ దాన్ని నమ్ముకుని కూర్చోవద్దు. సికింద్రాబాద్ తిరగక్కర్లేదు, మీరు ఉండేచోటే, అంటే ఖమ్మం జిల్లా కమిషన్‌లోనే వేయొచ్చు, వినియోగదారుల ఫిర్యాదుల కోసం ఉన్న ఇ-జాగృతి పోర్టల్లో ఇంట్లోంచైనా. మీరు కట్టింది 5 లక్షల లోపే కాబట్టి ఫీజు లేదు, లాయరు కూడా తప్పనిసరి కాదు. 10 లక్షలు మాత్రం అడక్కండి, నవ్వుతారు. బోర్డు ధర, దాంతో పాటు ఇంకేమైనా పాడైతే వాటి ధర, వడ్డీ, ఖర్చులు, మనోవేదనకి మితంగా ఒక మొత్తం అడగండి. మీ ఉత్తరంలో బోర్డు ధర విడిగా ఎంతో ఎక్కడా రాయలేదు, ముందు బిల్లు తీసి అది చూసుకోండి.