ట్యూలిప్ తోట కన్నా ముందు క్రూకియస్ పంపింగ్ స్టేషన్ చూడండి

"అమ్మానాన్నలతో నెదర్లాండ్స్ వెళ్తున్నాం, తప్పక చూడాల్సింది ఏది?" అని అడిగారు. హార్లెం ఊరి పక్కనున్న క్రూకియస్ అనే పాత పంపింగ్ స్టేషన్. మీ నాన్నగారు సేద్యం చేసినవారైతే మరీ తప్పదు. టూర్ ప్యాకేజీల వాళ్లు దీని ఊసే ఎత్తరు. ట్యూలిప్ తోట, చీజ్ దుకాణం, పడవ షికారు, అంతే. ఆ తోట తెరిచి ఉండేది మార్చి మధ్య నుంచి మే మధ్య దాకానే. అయినా అక్టోబరులో వెళ్లేవాళ్లకు కూడా దాని ఫొటోలే చూపించి డబ్బు కట్టించుకుంటారు.

మాది తిరుపతి పక్కన రామచంద్రాపురం మండలం. మా నాయన ఎద్దులతో కపిల తోలి బావి నీళ్లు తోడినవాడు, తర్వాత ఆయిల్ ఇంజన్ తిప్పినవాడు. ఆయన్ను అక్కడికి తీసుకెళ్లాను. లోపల మధ్యలో 3.66 మీటర్ల వ్యాసమున్న సిలిండర్. దాని చుట్టూ ఎనిమిది ఇనుప దూలాలు గోడలు దాటి బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి. ఒక్కో దూలం కొసన ఒక్కో పంపు. నాయన చుట్టూ తిరిగి చూసి, "యాతాలేరా ఇవి! ఎనిమిది యాతాలు" అన్నాడు. యాతమంటే ఒక కొస దిగితే ఇంకో కొస లేచి నీళ్లు తోడే పొడవాటి దూలం.

నూటికి నూరుపాళ్లు నిజం. ఆవిరి నేరుగా నీళ్లు ఎత్తదు. సిలిండర్ మీదున్న బరువును పైకి లేపుతుంది. ఆ బరువు దిగేటప్పుడు దూలాల అవతలి కొసలు లేచి నీళ్లు పైకొస్తాయి. యాతం మాను మీద మనిషి అటు నడిస్తే ఇటు బాన లేచినట్టే. ఒక్క ఊపుకు 64,000 లీటర్లు, నిమిషానికి ఐదు ఊపులు.

"ఈ నీళ్లు ఏ కయ్యకు (మడికి) పారతాయో అడగరా" అన్నాడు నాయన. అడిగాను. ఏ కయ్యకూ కాదు, కయ్యల్లోంచే తోడి చుట్టు కాలువలోకి, అక్కణ్ణుంచి సముద్రంలోకి అని చెప్పారు. నాయన నమ్మలేదు. నన్ను మళ్లీ అడగమన్నాడు.

ఒకప్పుడు అదంతా హార్లెం సరస్సు. 1836లో వచ్చిన తుపానులకు ఆ నీళ్లు ఒకసారి ఆమ్‌స్టర్‌డామ్ దాకా, ఇంకోసారి లైడెన్ దాకా వచ్చాయి. దాంతో సరస్సు చుట్టూ కాలువ తవ్వి, మూడు ఆవిరి పంపింగ్ స్టేషన్లు కట్టి, 1852 కల్లా ఎండగట్టారు. దాదాపు 18,000 హెక్టార్ల సాగుభూమి తేలింది. పల్లపు నేల కాబట్టి ఆ తర్వాతా నీళ్లు తోడుతూనే ఉండాలి. మీరు విమానం దిగే స్కిపోల్ కూడా ఆ సరస్సు అడుగే. మిగతా రెండు స్టేషన్లకు కొత్త యంత్రాలు పెట్టాక క్రూకియస్‌తో పని తగ్గి, 1933లో ఆగిపోయింది. కొందరు ఇంజనీర్లు పట్టుబట్టి దాన్ని మ్యూజియంగా నిలబెట్టారు.

మనవాళ్లయితే మర్నాడే తూకానికి వేసేవాళ్లు. బోర్లు వచ్చాక మా పల్లెల్లో ఆయిల్ ఇంజన్లన్నీ అలాగే పోయాయి, షెడ్లలో కంప పెరిగింది. 2021 నవంబరు వానలకు మా మండలంలోని రాయలచెరువు కట్ట లీకై, కింది ఊళ్లను ఖాళీ చేయించినప్పుడు ఏమైంది? మా కయ్యల్లో నీళ్లు నిలబడిపోయాయి. చెరువు నిండాక మిగులు నీళ్లు పోయే మొరవ కాలువ మీద ప్లాట్లు వేసి అమ్మేశారు, నీళ్లు వెళ్లడానికి దారేదీ? కరెంటు లేదు. బోరులో దించిన మోటారును పైకి లాగి వాడుకోలేం. డీజిల్ ఇంజన్ కోసం ఊరూరా తిరిగినా ఒక్కటీ దొరకలేదు. కోతకొచ్చిన వరి నీళ్లలోనే మొలకెత్తింది. పాతదంతా పనికిరానిదే అనుకోవడం వల్ల రైతుకు జరిగే నష్టం ఇది. ఎవరింట్లోనైనా ఇంజన్ మిగిలి ఉంటే దయచేసి అమ్మకండి, నూనె పోసి ఉంచండి.

క్రూకియస్‌లో ఇప్పుడు ఆవిరి లేదు, దూలాలను హైడ్రాలిక్ పద్ధతిలో కదిలిస్తారు. ఏ వేళకు కదిలిస్తారో ముందే కనుక్కుని వెళ్లండి. ఆగి ఉన్నప్పుడు చూస్తే సగమే చూసినట్టు.